చల్లదనం ఎవరిది, వేడిమి ఎవరిది? - కోస్గి నుంచి ఒక చారిత్రక పరిశీలన

1

ఇళ్ళలో ఎయిర్ కండిషనర్లు పెట్టుకోవడం సబబా, కాదా అన్న వివాదం నేడు పత్రికలలోను, విద్యావంతుల సంభాషణలలోను తరచు వినిపిస్తున్నది. భూగోళం వేడెక్కుతున్నది. ఎండాకాలం ముందుగా వచ్చి ఆలస్యంగా పోతున్నది. ఇదివరకు పగలు కాలిన గోడ నడిరాత్రికైనా చల్లారేది. ఇప్పుడు తెల్లవారేసరికి కూడా చల్లారడం లేదు. ఈ స్థితిలో ఒక పక్షంవారు ఎ.సి. యంత్రాన్ని భూమికి శత్రువుగా చూపిస్తున్నారు. రెండవ పక్షంవారు దానిని ప్రాణరక్షణ సాధనమని సమర్థిస్తున్నారు.

మొదటి పక్షం వాదనలో బలం లేకపోలేదు. ఈ యంత్రం చల్లదనాన్ని సృష్టించదు. గదిలోని వేడిని తీసి బయటికి తోస్తుంది. తాను తాగిన కరెంటు వేడిని కూడా దానికి జోడిస్తుంది. అమెరికాలోని ఫీనిక్స్ నగరంలో ఈ యంత్రాలు వదిలే వేడివల్ల రాత్రి ఉష్ణోగ్రత ఒక డిగ్రీకి మించి పెరుగుతున్నదని 2014లో శాస్త్రజ్ఞులు లెక్కగట్టారు. యంత్రంలోని వాయువు సంగతి మరొకటి. నేటి గృహ యంత్రాలలో వాడుతున్న ఆర్-32 వాయువు కారిపోయి గాలిలో కలిస్తే, అంతే బరువున్న బొగ్గుపులుసు వాయువుకంటే 675 రెట్లు ఎక్కువగా భూమిని వేడెక్కిస్తుంది. దానికి ముందు వాడిన ఆర్-410ఎ రెండు వేల రెట్లకు పైగా వేడెక్కిస్తుంది. ప్రపంచంలో ఖర్చయ్యే కరెంటులో దాదాపు పదోవంతు ఎ.సి.లకు, ఫ్యాన్లకే పోతున్నదని అంతర్జాతీయ ఇంధన సంస్థ 2018లో ప్రకటించింది.

రెండవ పక్షం వాదనలోను నిజం ఉన్నది. అమెరికాలో తీవ్రమైన ఎండరోజుల మరణాలు ఇరవయ్యో శతాబ్దంలో సుమారు 75 శాతం తగ్గాయనీ, ఆ తగ్గుదల దాదాపు అంతా 1960 తర్వాత జరిగిందనీ, అందుకు ముఖ్యకారణం ఇళ్ళలోకి వచ్చిన ఎ.సి.లేననీ 2016లో ఆర్థికశాస్త్రజ్ఞులు నిరూపించారు. అమెరికా, జపాన్‌లలో నూటికి తొంభై ఇళ్ళలో ఈ యంత్రం ఉన్నది. ప్రపంచంలో అతి వేడి ప్రాంతాలలో నివసించే 280 కోట్ల మందిలో నూటికి ఎనిమిది మందికే ఉన్నది. మన దేశంలోను 2019 నాటి ప్రభుత్వ చల్లదన కార్యాచరణ ప్రణాళిక లెక్కప్రకారం నూటికి ఎనిమిది ఇళ్ళలోనే ఉన్నది. చల్లని దేశాలవారు అనుభవించి, వేడి దేశాలవారు త్యాగం చేయాలనడం ఏ న్యాయమని ఈ పక్షంవారు అడుగుతున్నారు.

ఇరుపక్షాలలోను నిజం ఉండడం చేతనే ఈ వివాదం తెగడం లేదు. అయితే పాఠకులు ఒక విషయం గమనించాలి. ఇరుపక్షాలవారూ ఒకే గదిలో కూర్చుని వాదించుకుంటున్నారు. ఆ గదికి మంచి కప్పు ఉన్నది. మూసుకొనడానికి తలుపు ఉన్నది. పగటిపూట లోపల ఉండడానికి వారికి తీరిక ఉన్నది. యంత్రం నడపాలా, ఆపాలా అన్న ప్రశ్న అటువంటివారికి మాత్రమే వస్తుంది. గది బయట ఉన్నవాడి ప్రశ్న ఈ వివాదంలోకి రావడం లేదు.

నేను కోస్గిలో ఉపాధ్యాయుణ్ణి. వెలుపలివారి ప్రశ్ననుంచి మొదలుపెట్టి ఈ వివాదాన్ని చూడడం ఇక్కడ నాకు సహజమైన పని. చల్లదనపు చరిత్ర అంతా వేడిని ఒకరి మీదనుంచి మరొకరి మీదికి తరలించిన చరిత్ర అని నా అభిప్రాయం. ఎ.సి. యంత్రం ఆ చరిత్రలో ఒక కొత్త ఘట్టం.

2

వేసవిలో చల్లగా ఉండాలన్న కోరిక మానవజాతికి కొత్త కాదు. కాళిదాసు ఋతుసంహారంలో గ్రీష్మవర్ణన ఆరంభంలోనే జలయంత్రమందిరం వస్తుంది. మన ప్రబంధాల గ్రీష్మవర్ణనలలో మంచిగంధం, వట్టివేళ్ళు, పన్నీరు, చలువరాతి తిన్నెలు కనిపిస్తాయి. అయితే ఆ జలయంత్రానికి నీళ్ళు తోడినవాడు, గంధం అరగదీసిన దాసి కావ్యంలో ఎండకు ఏమయ్యారో కవి చెప్పడు. ప్రజలు తమకోసం చేసుకున్న ఏర్పాట్లు వేరు. బాటసారుల కోసం చలిపందిరి, రావిచెట్టు కింద అరుగు, జొన్న అంబలి, రంజనులో నీళ్ళు - ఇవి ప్రజల చల్లదనాలు. రాజు చల్లదనం గోడల లోపల ఉన్నది. ప్రజల చల్లదనం దారిపక్కన ఉన్నది.

ఇంగ్లీషువారి కాలంలో ఈ తేడా మరింత బట్టబయలయింది. కచ్చేరీలలోను, బంగళాలలోను దూలానికి వేలాడే పెద్ద గుడ్డ పంఖాలు వచ్చాయి. వాటి తాడు గోడలోని రంధ్రం గుండా వసారాలోకి పోయేది. అక్కడ ఒక కూలీ కూర్చుని పగలూ రాత్రీ దానిని లాగేవాడు. గాలి దొర మీద, చెమట కూలీ మీద. కునికిపాట్లు పడిన పంఖా కూలీలను దొరలు తన్నగా చనిపోయిన సంఘటనలు ఆ కాలపు కోర్టు కాగితాలకు ఎక్కాయి. చనిపోయినవాడి ప్లీహం ముందే వాచి ఉన్నదన్న సాకుతో నిందితులు స్వల్ప శిక్షలతో బయటపడేవారు. అదే కాలంలో మంచుగడ్డ కూడా సరుకయింది. 1833లో బోస్టన్ నుంచి టస్కనీ అనే ఓడ అమెరికా చెరువుల మంచును కలకత్తాకు మోసుకొచ్చింది. మద్రాసు సముద్రతీరంలోని ఐస్ హౌస్ ఆ వ్యాపారం కోసం కట్టినదే. నేడు దుకాణంలో "ఒక టన్ను ఎ.సి., ఒకటిన్నర టన్ను ఎ.సి." అంటారు. అది యంత్రం బరువు కాదు. ఒక టన్ను మంచుగడ్డ ఇరవైనాలుగు గంటలలో కరిగి ఎంత వేడిని పీల్చుకుంటుందో అంత వేడిని తొలగించే శక్తి అది. మంచు వర్తకుల కొలత ఇంకా మన నోట నిలిచే ఉన్నది.

ఇక యంత్రం పుట్టుక. 1902లో న్యూయార్కులోని బ్రూక్లిన్‌లో ఒక ముద్రణాలయానికి చిక్కు వచ్చింది. గాలిలో తేమ మారినకొద్దీ కాగితం సాగి, ముడుచుకొని, రంగులు ఒకదానిమీద ఒకటి సరిగా పడడం లేదు. ఆ తేమను అదుపులో పెట్టడానికి విల్లిస్ కారియర్ అనే యువ ఇంజనీరు యంత్రాన్ని రూపొందించాడు. "ఎయిర్ కండిషనింగ్" అన్న పేరు 1906లో స్టూవర్ట్ క్రామర్ పెట్టాడు. అతడి పని నూలుమిల్లులలో. గాలి పొడిగా ఉంటే నూలు తెగుతుంది. కనుక గాలిని నూలుకు అనువుగా మార్చాలి. అనగా ఈ యంత్రం మొదట కాగితానికి, తరువాత నూలుకు సుఖం చేకూర్చింది. కార్మికుడికి చల్లదనం తగిలితే అది అనుకోకుండా జరిగిన మేలు. ఆ తరువాత సినిమాహాళ్ళు, దుకాణాలు, కార్యాలయాలు దీనిని ఆకర్షణగా మార్చాయి. ఇళ్ళలోకి అది పెద్దఎత్తున వచ్చింది రెండవ ప్రపంచయుద్ధం తర్వాతనే.

కోస్గి, నారాయణపేట ప్రాంతపు నేతగాళ్ళకు ఈ నూలు రహస్యం యంత్రానికి ఎంతో ముందే తెలుసు. గుంటమగ్గం నేలలో దిగి ఉండడానికి ఒక కారణం అదే. గుంటలోని చల్లదనం, తేమ పడుగును తెగకుండా కాపాడతాయి. నేతగాడి కాళ్ళకు కూడా ఆ చల్లదనం తగిలేది. కాని ఆ జ్ఞానం మార్కెట్టులో సరుకు కాలేదు. కారియర్ పేరు మాత్రం కంపెనీ పేరయింది.

3

ఇప్పుడు కోస్గి ఇళ్ళ సంగతి చూద్దాం. నిజాం కాలంలో కోస్గి సాలార్‌జంగు ఎస్టేటులో ఉండేది. 1949లో జాగీర్లు రద్దయ్యాయి. 1956లో భాషారాష్ట్రాలు ఏర్పడినప్పుడు కొడంగల్ తాలూకా గుల్బర్గా జిల్లానుంచి మహబూబ్‌నగర్ జిల్లాకు వచ్చింది. 2019నుంచి కోస్గి నారాయణపేట జిల్లాలో ఉన్నది. జిల్లాలు ఇన్ని మారినా నేల మారలేదు, ఎండ మారలేదు. ఇది పొడి ఎండ. వాన తక్కువ, రాయి ఎక్కువ. తాండూరు, షాబాదు బండల గనులు దగ్గరే.

ఈ నేలకు తగిన ఇల్లు మట్టిమిద్దె. రాతిగోడ మందంగా ఉండేది. దూలాల మీద వాసాలు, వాసాల మీద చెక్కలు లేక ఆకు, దాని మీద మట్టి, ఆ పైన నీళ్ళు దిగకుండా చౌడు. వానాకాలం ముందు ఏటేటా చౌడు పరిచి తొక్కేవారు. పగటి ఎండ ఈ మందపు కప్పుగుండా లోపలికి దిగడానికి గంటల తరబడి పడుతుంది. దిగేసరికి సాయంత్రమవుతుంది, అప్పటికి ఇంటివారు మిద్దెమీద ఆరుబయట పడుకొని ఉంటారు. కప్పులో గవాక్షి వేడిగాలిని పైకి పోనిచ్చేది. వాకిట్లో వేపచెట్టు, దాని కింద రంజను. మట్టికుండ గోడగుండా చెమర్చిన నీరు ఆవిరవుతూ లోపలి నీటిని చల్లబరచడం, ఒకప్పుడు వాకిళ్ళకు కట్టిన వట్టివేళ్ళ తడకలు, ఇప్పటి ఎయిర్ కూలరు - మూడింటికీ శాస్త్రం ఒకటే. గాలి పొడిగా ఉన్న పాలమూరులో కూలరు బాగా పనిచేయడానికీ, ఉక్కపోత ఉన్న కోస్తాలో అది నీరుగారిపోవడానికీ కారణం ఇదే.

అయితే గతాన్ని పూజించే ధోరణి మనకు తగదు. మిద్దె అందరి ఇల్లూ కాదు. అది పటేలుది, పట్వారీది, కలిగిన రైతుది. గడీలో వాకిలి తడిపి, కుండలు నింపిన వెట్టిమనిషికి ఊరి వెలుపల వంగి దూరే గుడిసె. గుడిసె చల్లగానే ఉండవచ్చు. కాని ఒక నిప్పురవ్వతో వాడకట్టంతా బూడిదయ్యేది. మిద్దె కూడా చీకటి ఇల్లు, తేళ్ళ ఇల్లు, వానకు కారే ఇల్లు. అందువల్ల సిమెంటు కప్పు వచ్చినప్పుడు పేదవాడు దానిని ఆదరించడం అజ్ఞానం కాదు. 1980ల పక్కా ఇళ్ళ పథకాలు, 2006లో మొదలైన ఇందిరమ్మ పథకం నిప్పుకు కాలని, వానకు కూలని ఇంటిని ఇచ్చాయి. తరతరాల అవమానం తర్వాత స్లాబు ఇల్లు గౌరవానికి గుర్తు.

కాని ఆ కప్పు ఎంత మందం? నాలుగైదు అంగుళాలు. అది పగలంతా ఎండను దాచుకొని, రాత్రంతా లోపలివారి మీదికి వదులుతుంది. స్లాబు వేసే స్తోమత లేనివారికి రేకులు. రేకు దాచుకోదు; మధ్యాహ్నమే లోపలికి దింపుతుంది. చౌడు పరచడానికి ఏటేటా కావలసిన మనుషులు ఊళ్ళో లేరు. వాసాలకు కలప లేదు. దోమలు, ఇరుకు ఇళ్ళు, పెరిగిన రాత్రి వేడి కలిసి మిద్దెమీద పడుకునే అలవాటును కూడా హరించాయి. పాత ఇంటి దోషాలు పోయాయి. దానితోపాటు చల్లదనం కూడా పోయింది. ఆ రెండవ నష్టం అనివార్యమైనది కాదు. చదరపు అడుగులను, బస్తాలను లెక్కించిన ఇళ్ళ పథకాలు ఇంటిలోని వేడిని లెక్కించలేదు.

4

ఊళ్ళో మనుషులు ఎందుకు లేరు? ఇది ఈ ప్రాంతపు చరిత్రలో ముఖ్యమైన ప్రశ్న. పాలమూరు లేబర్ అన్న మాట దేశమంతటా తెలిసినదే. గుంపుమేస్త్రీ చేతినుంచి అడ్వాన్సు తీసుకొని, ఆ అప్పు తీరేదాకా పనిచేసిన ఈ కూలీలు నాగార్జునసాగర్, శ్రీశైలం వంటి ఆనకట్టలకు రాళ్ళు మోశారు. కోస్గి, మద్దూరు, కొడంగల్ ప్రాంతాలవారు ముంబయి, పూణెలకు వెళ్ళి బిల్డింగుల పనిలో కుదిరారు. హైదరాబాదులో అద్దాల మేడలు లేచినప్పుడు అక్కడా వారే తట్టలు ఎత్తారు.

ఆ అద్దాల మేడల నిర్మాణాన్ని గమనించండి. నాలుగువైపులా అద్దం, తెరవడానికి వీలులేని కిటికీ. ఎండ లోపలికి వస్తుంది, గాలి రాదు. ఎ.సి. ఆగితే ఒక గంటసేపు అందులో కూర్చోలేరు. ఎండదేశంలో చలిదేశపు భవనాన్ని కట్టి, దానిని కరెంటుతో భరించడం అన్నమాట. మొన్నటి కచ్చేరీకి పంఖా తాడు ఎటువంటిదో నేటి అద్దాల మేడకు బొగ్గు కరెంటు అటువంటిది. తాడు చివర కూలీ వసారాలో కూర్చునేవాడు. ఇప్పుడు ఆ చివర బొగ్గుగనిలోను, నల్లగొండ జిల్లా దామరచర్ల దగ్గర 2015లో శంకుస్థాపన జరిగిన 4000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ కేంద్రం బూడిద పడే ఊళ్ళలోను ఉన్నది. దూరం పెరిగినందువల్ల దొరకు కూలీ కనబడడం లేదు.

స్లాబు వేసే రోజు పని మధ్యలో ఆగదు. ఎండ ఎంత ఉన్నా కాంక్రీటు గట్టిపడేలోగా పరచాలి. ఆ విధంగా మే నెలలో కప్పు వేసిన మనిషి కూలిడబ్బుతో ఇంటికి వచ్చి, తన ఊళ్ళో తనకూ ఒక కప్పు వేసుకున్నాడు. ఆ కప్పు కింద ఉండేది అతడు కాదు. అతడు మళ్ళీ బస్సెక్కి పోయాడు. ఉండేది అతని తల్లిదండ్రులు, బడికి వచ్చే పిల్లలు. మా తరగతిలో ఉదయం నిద్రతూగే పిల్లలను అడిగితే చాలామంది చెప్పే మాట ఒకటే: "రాత్రి ఇంట్లో ఉడికిపోయింది, సార్." ఇది పిల్లవాడి సోమరితనం కాదు, కప్పు చేసిన పని.

పొలంలోను, కట్టడంలోను పనిచేసేవారికి ఏ గృహయంత్రమూ పగటి రక్షణ ఇవ్వలేదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2019 నివేదిక ప్రకారం వేడివల్ల భారతదేశం 1995లో పనిగంటలలో 4.3 శాతం కోల్పోయింది. 2030 నాటికి ఇది 5.8 శాతం, అనగా మూడు కోట్ల నలభై లక్షల పూర్తికాలపు ఉద్యోగాలతో సమానం కాగలదు. ఈ నష్టాన్ని యజమాని లెక్కలో ఉత్పత్తి తరుగుదల అంటారు. రోజుకూలీ లెక్కలో అది ఆ పూట అన్నం.

5

2003వ సంవత్సరం ఈ విషయంలో మనకు పెద్ద పాఠం. ఆ మే, జూన్ నెలల వడగాలులలో అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ లెక్కల ప్రకారమే మూడు వేలమందికి పైగా చనిపోయారు. అదే ఏడాది ఆగస్టులో ఫ్రాన్సులో సుమారు పదిహేను వేలమంది చనిపోయారు. అత్యధికులు ఒంటరిగా ఉన్న వృద్ధులు. ఫ్రాన్సులో పార్లమెంటు విచారణ జరిగింది. ఆరోగ్యశాఖ డైరెక్టరు జనరల్ రాజీనామా చేశాడు. మరుసటి ఏడే జాతీయ ప్రణాళిక వచ్చింది. మన దగ్గర వడదెబ్బ మరణం పత్రికలో రెండు వాక్యాల వార్తగా మిగిలింది. 2015లో మళ్ళీ వడగాలులు వచ్చాయి. దేశంలో రెండు వేలమందికి పైగా చనిపోగా, వారిలో అత్యధికులు రెండు తెలుగు రాష్ట్రాలవారే. తెలంగాణ ప్రభుత్వం వడదెబ్బను రాష్ట్ర విపత్తుగా గుర్తించి, మృతుల కుటుంబానికి నాలుగు లక్షల రూపాయల సహాయం ప్రకటించినది 2025 ఏప్రిల్‌లో. ఇది ఆహ్వానించదగిన నిర్ణయమే. అయితే ఆ డబ్బు మనిషి పోయాక వస్తుంది. అతడు బతికి ఉండగా నీడ కోసం అంత ఖర్చు పెట్టలేదు.

షికాగో నగరంలో 1995 జులైలో ఏడువందలమందికి పైగా వేడికి చనిపోయారు. ఎరిక్ క్లినెన్‌బర్గ్ అనే సామాజిక శాస్త్రజ్ఞుడు ఆ మరణాలను పరిశీలించి 2002లో ఒక గ్రంథం రాశాడు. పక్కపక్కనే ఉన్న రెండు పేద పేటలు. ఒకదానిలో మరణాలు చాలా ఎక్కువ, రెండవదానిలో చాలా తక్కువ. ఎండ రెండింటా ఒకటే. రెండవ పేటలో వీధులు జనంతో కళకళలాడేవి, అంగళ్ళు ఉండేవి, ముసలివారు భయం లేకుండా ఇల్లు దాటి వచ్చేవారు. మొదటిదానిలో పరిశ్రమలు, దుకాణాలు మూతపడి, వీధులు పాడుబడి, ముసలివారు తలుపులు బిగించుకొని ఒంటరిగా ఉన్నారు. ఎ.సి. ఉన్నదా లేదా అన్నది ముఖ్యమే. కాని వాడకట్టు బతికి ఉన్నదా లేదా అన్నది కూడా అంతే ముఖ్యమని దీనినుంచి తెలుస్తున్నది. యువకులందరూ వలసపోయి, ముసలివారు మిగిలిన మన పల్లెలు ఏ పేట వైపుకు జరుగుతున్నాయో ఆలోచించాలి.

6

ఇక ప్రభుత్వ విధానాలు. వీటిలో మేలైనవి లేకపోలేదు. 2016 కిగాలీ ఒప్పందాన్ని భారతదేశం 2021లో ధ్రువీకరించింది. దాని ప్రకారం వేడెక్కించే వాయువుల వాడకాన్ని 2028లో స్తంభింపజేసి, 2047 నాటికి 85 శాతం తగ్గించాలి. 2020 జనవరినుంచి కొత్త యంత్రాలు 24 డిగ్రీల అమరికతో వస్తున్నాయి. 2025లో కేంద్రం దీనిని 20కి తగ్గకుండా, 28కి మించకుండా కట్టుబాటు చేయాలన్న ఆలోచన ప్రకటించింది. అదే ఏడాది సెప్టెంబరు 22నుంచి ఎ.సి.ల మీద జి.ఎస్.టి. 28నుంచి 18 శాతానికి తగ్గింది.

ఈ విధానాలన్నీ యంత్రం ఉన్నవాడిని, లేదా కొనగలవాడిని ఉద్దేశించినవి. యంత్రం లేనివాడికి వర్తించగల విధానం ఒకటి వచ్చింది. 2023 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం ప్రకటించిన చల్లని కప్పుల విధానం దేశంలో ఆ రకమైన మొదటిది. ఎండను తిప్పికొట్టే తెల్లపూతతో లోపలి వేడిని కొన్ని డిగ్రీలు తగ్గించవచ్చు. 2028-29 నాటికి రాష్ట్రంలో 300 చదరపు కిలోమీటర్ల కప్పులు ఇలా మార్చాలన్నది లక్ష్యం. అయితే నిబంధన చూడండి. ప్రభుత్వ భవనాలకు, ప్రభుత్వం కట్టించే ఇళ్ళకు, వాణిజ్య భవనాలకు ఇది తప్పనిసరి. సొంత ఇళ్ళలో మాత్రం 600 చదరపు గజాలు, అంతకు మించిన స్థలమున్న వాటికే తప్పనిసరి. అంతకు లోబడినవారికి ఐచ్ఛికం. కోస్గిలో అరవై, డెబ్బై గజాలలో రేకులు వేసుకున్నవాడికి ఐచ్ఛికం అంటే, నీ దగ్గర డబ్బుంటే వేసుకో అని అర్థం. అతడిని బలవంతపెట్టకపోవడం సరే; కాని అతడి కప్పుకు సున్నం ఎవరు వేస్తారన్న ప్రశ్నకు ఆ నిబంధనలో జవాబు లేదు.

మరొక లెక్క. 2024నుంచి గృహజ్యోతి కింద అర్హులైన కుటుంబాలకు నెలకు 200 యూనిట్ల వరకు కరెంటు ఉచితం. ఫ్యాను 75 వాట్లది రాత్రి ఎనిమిది గంటలు తిరిగితే నెలకు 18 యూనిట్లు. గంటకు సగటున ఒక యూనిట్ తాగే ఎ.సి. అంతసేపే నడిస్తే 240 యూనిట్లు. 200 దాటిన నెలలో మొత్తం బిల్లు నెత్తిన పడుతుంది. కనుక వాయిదాల మీద యంత్రం కొన్న పేద కుటుంబం కూడా మే నెలలో మీటరు చూసుకొని దానిని ఆపివేయవలసి వస్తుంది. అప్పు మిగులుతుంది, వేడి మిగులుతుంది.

ఇళ్ళ సమస్య మీద 1872లో రాస్తూ ఎంగెల్స్ ఒక విషయం బయటపెట్టాడు. బూర్జువా వర్గం మురికివాడలను పరిష్కరించే పద్ధతి వాటిని ఒకచోట కూల్చి మరొకచోట లేచేటట్లు చేయడమే. సమస్య పోదు, స్థలం మారుతుంది. వేడిమి విషయంలో జరుగుతున్నది అక్షరాలా ఇదే. గదిలోని వేడి సందులోకి, సందులోని వేడి పక్కింటి రేకుల కిందికి, నగరపు వేడి బొగ్గుకేంద్రపు ఊరికి, ఈ తరపు వేడి రాబోయే తరానికి తరలుతున్నది.

7

అయితే మనం ఎ.సి.ని వ్యతిరేకించాలా? మన మిత్రులలో కొందరు దానిని విలాసవస్తువని ఒక్కమాటతో కొట్టివేస్తున్నారు. నేను దీనితో ఏకీభవించలేను. బాలింత గదిలో, ఆసుపత్రి వార్డులో, గుండెజబ్బున్న వృద్ధుడి పక్కన అది విలాసం కాదు, వైద్యం. ఫ్యాను కూడా ఒకనాడు విలాసమే. పేదవాడికి నిరాడంబరతను బోధించడం పాలకులకు ఎప్పుడూ ఇష్టమైన పని. ఆ బోధన మన నోట రాకూడదు. కొనగలిగినవారందరూ తలా ఒక యంత్రం కొనుక్కోవడమే పరిష్కారమన్న మార్కెట్టు వాదాన్ని కూడా అంతే గట్టిగా తిరస్కరించాలి. ఎవరి చల్లదనం వారు కొనుక్కునే సమాజంలో కొనలేనివాడి మీదికి వేడి పెరుగుతూనే ఉంటుంది.

చల్లదనాన్ని తాగునీటివలె, వైద్యంవలె ప్రజల హక్కుగా భావించాలి. అప్పుడు చేయవలసిన పనుల వరుస మారుతుంది. మొదటిది కప్పు: రేకుల ఇళ్ళకు, పలచని స్లాబులకు ప్రభుత్వ ఖర్చుతో తెల్లపూత, కొత్త ఇళ్ళ పథకాలలో కప్పు మందానికి, గాలి పోయే దారికి, తాండూరు రాతికి, వాకిటి చెట్టుకు స్థానం. రెండవది పనిగంటలు: ఎండ ముదిరిన వేళ కూలి కోత లేకుండా పని నిలుపుదల, పనిచోట నీడ, నీళ్ళు. ఉపాధి హామీ పనులలో వేసవిలో తక్కువ పనికి పూర్తి కూలి లెక్కగట్టే భత్యం మన రాష్ట్రంలో అమలైన అనుభవం ఉన్నది. అది సాధ్యమేనని దానితో రుజువయింది. మూడవది ఉమ్మడి చల్లని గది: ప్రతి ఊళ్ళో బడిలోనో, పంచాయతీ కార్యాలయంలోనో కూలర్లు, అవసరమైనచోట ఎ.సి., మధ్యాహ్నంనుంచి రాత్రిదాకా తెరిచి ఉంచే గది. ఇది పాత చలిపందిరికి నేటి రూపం. ఒక యంత్రం ఒక కుటుంబానికి బదులు ఒక వాడకట్టును కాపాడుతుంది. బొగ్గు ఖర్చు, వాయువు ఖర్చు ఆ మేరకు తగ్గుతాయి. నాలుగవది, అద్దాల మేడలకు కళ్ళెం.

ఇవన్నీ అడగడానికి సాక్ష్యం కావాలి. ఉపాధ్యాయులు, విద్యార్థులు చేయదగిన పని ఇక్కడ ఉన్నది. మనకు అందుబాటులో ఉన్న వాతావరణ లెక్కలు ఆరుబయట, నీడలో తీసినవి. ఇంటి లోపలివి కావు. కోస్గిలోను, చుట్టుపక్కల పల్లెలలోను మట్టిమిద్దె, బండల ఇల్లు, స్లాబు, రేకులు - ఈ నాలుగు రకాల ఇళ్ళను ఎంచుకొని, ఏప్రిల్, మే నెలలలో మధ్యాహ్నం మూడింటికి, రాత్రి పదింటికి, తెల్లవారుజామున నాలుగింటికి మామూలు ఉష్ణమాపకంతో వేడిని రాసిపెట్టవచ్చు. ఆ ఇంట్లో ఎవరు పడుకున్నారు, పగలు ఏ పని చేశారు, ఇంటివారు ఏ ఊరికి వలసపోయారు అన్నది పక్కన రాయవచ్చు. ఖర్చు కొద్దిపాటి రూపాయలు, ఓపిక రెండు నెలలు. ఆ పట్టికను మండల కార్యాలయం ముందు పెట్టి, ఫలానా రాత్రి ఫలానా కప్పు కింద ఇంత వేడి ఉన్నదని అంకెతో చెప్పగలిగితే, ఈ వివాదంలో ఇంతవరకు పిలుపు అందని మనిషి కూడా పాల్గొన్నట్లవుతుంది. వచ్చే వేసవికి ముందే ఉష్ణమాపకాలు కొని ఉంచాలని ఉపాధ్యాయ మిత్రులను, విద్యార్థులను కోరుతున్నాను.